గేటు మీద శిలాఫలకం, లోపల తుప్పు పట్టిన జిమ్ము

నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ కాలనీ పార్కు గేటు దగ్గర సాధారణంగా ఒక నల్లరాతి పలక ఉంటుంది. ఎవరు ప్రారంభించారు, ఏ తేదీన, ఏ నిధులతో, ఎన్ని లక్షలతో అన్నది దాని మీద చెక్కి ఉంటుంది. లోపలికి వెళ్లేవాళ్లకు రోజూ అవసరమయ్యే సంగతులు మాత్రం ఎక్కడా రాసి ఉండవు. బోరు మోటారు కాలిపోతే ఎవరికి చెప్పాలి? ఊయల గొలుసు తెగితే ఎన్ని రోజుల్లో కొత్తది వేస్తారు? లైట్లు ఎన్నింటి దాకా వెలగాలి? మరుగుదొడ్డి తాళంచెవి ఎవరి దగ్గరుంది? పార్కుల మీద పట్టణవాసుల అసంతృప్తిని 'సౌకర్యాలు లేవు' అన్న ఒక్క మాటలోకి కుదిస్తే సగం విషయం జారిపోతుంది. సౌకర్యం వచ్చాక దాని బాగోగుల గురించి మున్సిపాలిటీ, జనం మాట్లాడుకునే దారి సరిగా లేకపోవడమే మిగతా సగం. మొదటిదానికి లక్షలు కావాలి. రెండోదానికి పెద్దగా ఖర్చు లేదు, అయినా ఏళ్ల తరబడి తేలనిది అదే.

ఈ స్థలం ఎవరిది?

ఫిర్యాదు దారి తప్పేది ఎక్కువగా ఇక్కడే. ఉదయం నడకకు వచ్చేవాళ్లకు అన్ని చోట్లూ ఒకటే. కాగితాల మీద ఒక్కో చోటు ఒక్కో శాఖది. కాలనీ పార్కు మున్సిపాలిటీది. స్టేడియం బాగోగులు జిల్లా యువజన, క్రీడల శాఖ చూస్తుంది. ప్రభుత్వ కాలేజీ మైదానం ప్రిన్సిపాల్ చేతిలో, హైస్కూలు మైదానం హెడ్మాస్టరు చేతిలో ఉంటాయి. చెరువు కట్ట నీటిపారుదల శాఖది. దాని మీద టైల్సు, రెయిలింగు, లైట్లు వేరే నిధులతో వేస్తారు, పడవలు తిప్పేవాళ్లు మరొకరు.

నల్లగొండ పక్కన పానగల్లు ఉదయ సముద్రం సంగతే చూడండి. ఊరివాళ్లకు అది సాయంత్రం చల్లగాలికి వెళ్లే కట్ట. ఇంజినీర్లకు అది ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టులో ఒకటిన్నర టీఎంసీల సమతుల్య జలాశయం. కట్ట మీద నీడ లేదు, చెట్లు నాటండి అని నడిచేవాళ్లు అడుగుతారు. మట్టికట్ట మీద పెద్ద చెట్లు పెంచడం ప్రమాదం. వేర్లు కట్టలోకి దిగుతాయి, చెట్టు చచ్చాక అవి కుళ్లి సొరంగాలవుతాయి, నీరు ఊటపట్టేది ఆ దారినే. నీడ కావాలంటే కట్ట దిగువన, కట్ట పాదానికి ఎడంగా నాటాలి, లేదా కట్ట మీద రేకుల పందిరి వేయాలి. ఈ మాట రెండు వాక్యాల్లో చెప్పేవాళ్లు లేకపోతే 'అడిగినా చెట్లు నాటరు' అన్న మాటే ఊళ్లో నిలుస్తుంది. అధికారి నిర్ణయం సరైనదే, అయినా చెప్పకపోవడం వల్ల అది నిర్లక్ష్యం కింద జమవుతుంది.

మహబూబ్‌నగర్ పరిస్థితి ఇంకో రకం. అప్పన్నపల్లి దగ్గర అటవీ భూమిలో 2,087 ఎకరాల అర్బన్ ఎకో పార్కు ఉంది. ఊరికి అది గర్వకారణమే. కానీ నాలుగేళ్ల పిల్లవాడు ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగేది మహా అయితే నాలుగైదు వందల మీటర్లు. ఆదివారం బండి మీద వెళ్లే పార్కు, రోజూ సాయంత్రం బడి నుంచి వచ్చాక ఆడుకునే పార్కు అవసరం తీర్చదు. ఎన్ని ఎకరాల పచ్చదనం ఉందని లెక్క చూపించే అధికారులు, మా గల్లీలో ఆడుకునే జాగా లేదనే తల్లిదండ్రులు ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకరు విస్తీర్ణం కొలుస్తున్నారు, ఇంకొకరు దూరం కొలుస్తున్నారు.

చట్టం ఏం చెబుతోంది, డబ్బు ఎక్కడుంది

పార్కులు, తోటలు, ఆటస్థలాలు మున్సిపాలిటీల పని అని 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలులో పన్నెండో అంశం చెబుతుంది. ఎంత స్థలం ఉండాలన్నదానికి కేంద్రం 2014లో ఇచ్చిన పట్టణ ప్రణాళిక మార్గదర్శకాలున్నాయి. వాటి ప్రకారం అయిదు వేల జనాభాకు అర హెక్టారు పార్కు, అంటే దాదాపు ఎకరం తొమ్మిది గుంటలు. మనిషికి పది నుంచి పన్నెండు చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలని కూడా అవి అంటాయి. పాతబస్తీల్లో ఈ లెక్క తీయడమే దండగ, అక్కడ ఇళ్లు అంటుకొని ఉంటాయి. పట్టణం చుట్టూ కొత్తగా పెరిగిన కాలనీల్లో మాత్రం ఈ లెక్కకు అర్థముంది.

ఈ కాలనీల్లో చాలావరకు పంచాయతీ లేఅవుట్లుగా పుట్టి, ఆ తర్వాత మున్సిపాలిటీలో కలిసినవే. అనుమతి ఉన్న లేఅవుటైతే పది శాతం స్థలం ఖాళీగా వదిలి, దాన్ని గిఫ్టు డీడు రాసి స్థానిక సంస్థకు రిజిస్టరు చేయాలి. నక్షాలో పార్కు ఉండి, గిఫ్టు డీడు కాకపోతే ఆ స్థలం కాగితం మీద ఇంకా వెంచరు యజమానిదే. పదేళ్లకు ఆయన వారసులు దాన్ని ప్లాట్లు చేసి అమ్ముతారు. 'పార్కు కబ్జా అయింది' అనే ఫిర్యాదుల్లో గట్టిగా నిలబడేవి గిఫ్టు డీడు నంబరు చేతిలో ఉన్నవే. డీడు ఉంటే వాదన సులువు. పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని 1991లో బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నీళ్ల ట్యాంకు, కమ్యూనిటీ హాలు, గుడి ఇలా ఒక్కొక్కటే వచ్చి పార్కు స్థలాన్ని తినేసే చోట కాలనీవాళ్లు మొదట పట్టుకోవలసింది ఆ తీర్పునే.

అనుమతి లేని లేఅవుట్ల సంగతి లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్‌ఆర్‌ఎస్) దగ్గర తేలుతుంది. 2020 ఆగస్టు 31 నాటి 131వ జీవో ప్రకారం, ఆ నెల 26కి ముందు రిజిస్టరైన ప్లాట్లను క్రమబద్ధం చేసుకునే వీలు ఇచ్చారు. లేఅవుట్లో పది శాతం ఖాళీ స్థలం లేకపోతే, రిజిస్ట్రేషన్ నాటి ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ స్థలం రుసుము కింద అదనంగా కట్టాలి. ఉదాహరణకు రెండు వందల గజాల ప్లాటు, రిజిస్ట్రేషన్ నాటి విలువ గజం రెండు వేలు అనుకుంటే, మొత్తం నాలుగు లక్షలు, అందులో 14 శాతం యాభై ఆరు వేలు. అలాంటివి వంద ప్లాట్లుంటే యాభై ఆరు లక్షలు. 2025లో గడువులోపు కట్టినవాళ్లకు 25 శాతం రాయితీ ఇచ్చారు, అది తీసేసినా మిగిలేది పెద్ద మొత్తమే. పార్కు కావాలని మున్సిపాలిటీని బతిమాలుతున్న కాలనీల్లో చాలామంది ఆ పార్కు డబ్బు ఇదివరకే కట్టేశారు, కట్టినట్టు వాళ్లకే తెలియదు. రసీదులో ఆ పద్దు ఉంటుంది. కాలనీలో ఎంతమంది కట్టారో, మొత్తం ఎంతయిందో లెక్క తీసి, 'ఈ సొమ్ములో మా ప్రాంతానికి ఎంత ఖర్చు పెట్టారు' అని అడిగే వినతికి, 'మాకు పార్కు కావాలి' అనే వినతికి ఆఫీసులో దొరికే ఆలకింపు ఒకటి కాదు.

ఇక ఏటా వచ్చే డబ్బు. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రకారం బడ్జెట్లో పది శాతం హరిత బడ్జెట్‌గా పక్కన పెట్టాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, బతకకపోతే కౌన్సిలరు పదవికే ముప్పు. ఈ నిబంధన మంచిదే, కానీ దాని ప్రభావం పార్కుల రూపంలో కనిపిస్తుంది. చట్టం మొక్కలను లెక్కపెట్టమంది, ఆడుకునే పిల్లలను లెక్కపెట్టమనలేదు. అందుకే పట్టణ ప్రకృతి వనం పేరుతో ఇరవై గుంటల స్థలం దొరికితే అంచు దాకా మొక్కలే నాటేస్తారు, బంతి విసరడానికి జాగా మిగలదు. ఏడాది తిరిగేసరికి పొదలు గుబురుగా పెరిగి లోపలికి చూపు ఆనదు, ఆడవాళ్లు ఆ వైపు వెళ్లడం మానేస్తారు. దీనికి పరిష్కారం మొక్కలు కొట్టేయడం కాదు. దారి పక్కన పొదలను మూడడుగులు మించి పెరగనివ్వకుండా, చెట్ల కొమ్మలను ఏడడుగుల కింద లేకుండా కత్తిరిస్తే మధ్యలో చూపు సాగుతుంది. వనానికి కేటాయించిన కూలీలే ఈ పని చేయగలరు. చేయమని ఎవరూ చెప్పరంతే.

పట్టణ సౌకర్యాల కోసం కేంద్రం తెచ్చిన అమృత్ పథకం 2015లో వచ్చినప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, మిర్యాలగూడ అందులో చేరాయి. దానిలో పార్కులకు రెండున్నర శాతం దాకా వాడుకునే వీలుండేది. ఆ పార్కుల నిర్వహణను జనం భాగస్వామ్యంతో నడిపే ఏర్పాటు ఉండాలని కూడా పథకం రాత. కట్టడాలు వచ్చాయి, ఆ ఏర్పాటు చాలాచోట్ల కాగితం దాటలేదు.

ఓపెన్ జిమ్ ఎందుకు పాడవుతుంది

పార్కు మీద వచ్చే ఫిర్యాదుల్లో ఓపెన్ జిమ్‌ది ప్రత్యేక స్థానం. బిగించిన కొత్తలో అందరికీ ముద్దు, రెండు వానాకాలాలు పోయాక సగం పరికరాలు కదలవు. 'నాణ్యత లేనివి కొన్నారు' అని జనం, 'పిల్లలు పాడుచేశారు' అని ఆఫీసు. రెండింటిలోనూ కొంత నిజముంది, అసలు సంగతి మాత్రం ఇంకా చిన్నచోట ఉంది.

గాలిలో నడిచినట్టు కాళ్లు ఊపే ఎయిర్ వాకర్‌ను తీసుకుందాం. పై పైపులో బేరింగులుంటాయి, కాళ్లు పెట్టే రెండు చేతులూ వాటి మీద ఊగుతాయి. బేరింగు పక్కన రబ్బరు సీలు ఎండకు పెళుసై చిట్లుతుంది. వానకు గ్రీజు కడుక్కుపోతుంది, దుమ్ము లోపలికి చేరుతుంది. మొదట కిర్రుమనే చప్పుడు వస్తుంది. ఆ దశలో బేరింగు మారిస్తే ఖర్చు వందల్లో, పని గంట. పట్టించుకోకపోతే గుండ్లు అరిగి చేయి పక్కకు ఊగడం మొదలవుతుంది. బరువంతా బేరింగు మీద నుంచి బోల్టు మీదికి మారుతుంది. తర్వాత అతుకు దగ్గర వెల్డింగు పగులుతుంది. ఆ పగులు మొదట పెయింటు మీద వెంట్రుకంత సన్నటి తుప్పు గీతలా కనిపిస్తుంది, జనం బరువు పడ్డప్పుడు ఒక్కసారిగా విరుగుతుంది. ఈలోగా అటూ ఇటూ ఆపే రబ్బరు స్టాపరు ఊడిపోయి ఉంటే, పిల్లలు దాన్ని ఊయలలా ఊపి పని త్వరగా ముగిస్తారు. చప్పుడు వినిపించిన రోజు నుంచి విరిగిన రోజు దాకా నెలలు గడుస్తాయి. ఆ నెలల్లో రోజూ ఆ పరికరం ఎక్కేవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్లలో ఒక్కరికైనా ఎక్కడ చెప్పాలో తెలిస్తే కొత్త పరికరం కొనే పని తప్పేది.

రెండో జబ్బు పాదం దగ్గర. మొక్కలకు పట్టే నీళ్లు బేస్ ప్లేటు చుట్టూ నిలుస్తాయి. పైపు సరిగ్గా నేలమట్టం దగ్గరే ఉంగరంలా తుప్పు తింటుంది, పైన పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది. స్పానరుతో తడితే గట్టి పైపు ఖంగుమంటుంది, తిన్న పైపు మొద్దుగా పలుకుతుంది. బిగించేటప్పుడే కాంక్రీటు దిమ్మెను నేల కంటే రెండంగుళాలు పైకి లేపి, నీళ్లు జారేలా చుట్టూ వాలు ఇస్తే ఈ బాధ చాలావరకు ఉండదు. కొన్నిచోట్ల అందం కోసం బోల్టుల మీదుగా పేవర్ టైల్సు పరిచేస్తారు. ఇక ఆ బోల్టులు వదులైనా బిగించే దారి లేదు.

పిల్లల ఆట సామాన్ల కింద కనీసం అడుగు లోతు ఇసుక ఉండాలి. అది తొక్కిడికి గట్టిపడి సిమెంటులా అవుతుంది కాబట్టి నెలకోసారైనా పారతో తిరగదోడాలి. జారుడు బండ ముఖం ఉత్తరానికి ఉండాలి. ఎండాకాలం నలభై నాలుగు డిగ్రీలు దాటే ఊళ్లలో పడమర ముఖంగా ఉన్న రేకు బండ సాయంత్రం అయిదు దాకా చర్మం కాలుస్తుంది. ఫైబర్ బండ అంత కాలదు, కానీ ఎండకు పై పూత పోయి లోపలి గాజుపోగులు పిల్లల తొడలకు గుచ్చుకుంటాయి. పూత పోయిందని చేత్తో తడిమితేనే తెలుస్తుంది.

ఈ జిల్లాల్లో నీటి సంగతి విడిగా చూసుకోవాలి. పార్కు బోరు మొక్కలకు పనికొస్తుంది. నల్లగొండ చుట్టుపక్కల బోరు నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల గరిష్ఠ హద్దు దాటే అవకాశం ఉన్నందున తాగే నల్లా మిషన్ భగీరథ లైనుకే కలపాలి. బోరు నల్లా దగ్గర 'తాగడానికి కాదు' అని తెలుగులో, ఉర్దూలో రాయాలి. ఆడి అలిసిన పిల్లలు కనబడిన నల్లా కింద దోసిలి పడతారు.

అభిప్రాయం ఎవరిని అడగాలి

అభిప్రాయ సేకరణ అనగానే ఉదయం ఆరింటికి వాకర్స్ బృందం దగ్గరికి వెళ్లడం రివాజు. వాళ్లు దొరుకుతారు, మాట్లాడతారు, వినతిపత్రం రాస్తారు. వాళ్లకు ట్రాక్ పొడవు పెంచాలి, కుక్కలను పట్టాలి, క్రికెట్ ఆపాలి. ఆ కోరికలు తప్పుకావు, కానీ అవి పార్కుకు వచ్చేవాళ్ల కోరికలు. రానివాళ్లు ఎందుకు రావడంలేదో పార్కులో నిలబడి అడిగితే తెలియదు. అందుకు రేషన్ షాపు దగ్గర, అంగన్‌వాడీ దగ్గర, బడి గేటు దగ్గర అడగాలి. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద నడిచే మహిళా సమభావన సంఘాల సమావేశాల్లో రిసోర్స్ పర్సన్ చేత అడిగిస్తే ఇంట్లో, షాపుల్లో పనిచేసే ఆడవాళ్ల మాట వస్తుంది. సాయంత్రం ఏడింటికి పని నుంచి వచ్చే మనిషికి ఎనిమిదింటికి మూసే పార్కు ఉన్నా లేనట్టే. ఈ సంగతి ఉదయం నడిచేవాళ్లకు తట్టదు.

ఏం అడగాలన్నది ఎవరిని అడగాలన్నంత ముఖ్యం. 'పార్కు బాగుందా' అంటే 'బాగుంది సార్' అంటారు. 'పోయిన వారంలో ఎన్ని రోజులు వచ్చారు, రాని రోజు ఎందుకు రాలేదు, వచ్చినప్పుడు ఎందువల్ల లేచి వెళ్లిపోయారు' అని అడిగితే లైటు, మరుగుదొడ్డి, తాగుబోతులు, కుక్కలు అన్నీ వాటంతట అవే బయటికొస్తాయి. దీనికి తోడు ఒక లెక్క పత్రం ఉండాలి. ఒక మామూలు రోజు, ఒక ఆదివారం. ఉదయం అయిదున్నర నుంచి ఏడున్నర, సాయంత్రం అయిదు నుంచి ఏడు. పావుగంటకోసారి లోపల ఎంతమంది ఉన్నారో పిల్లలు, ఆడవాళ్లు, మగవాళ్లు, వృద్ధులుగా గీతలు గీయాలి. ఏ పరికరం దగ్గర ఎవరున్నారో కూడా రాస్తే ఇంకా మేలు. ఇద్దరు డిగ్రీ విద్యార్థులు రెండు రోజుల్లో చేయగలిగిన పని ఇది. సాయంత్రం లెక్కలో ఆడపిల్లలు ఆరున్నర తర్వాత ఒక్కసారిగా తగ్గిపోతే సమస్య లైట్లదని ఎవరూ వాదించనక్కర్లేదు.

అభిప్రాయాలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి, కొట్టుకోవాలి కూడా. క్రికెట్ బంతి తగిలి నడిచే ముసలాయన కింద పడతాడు. క్రికెట్ ఆపితే ఆ కుర్రాళ్లు రోడ్డు మీద ఆడతారు. మధ్యేమార్గంగా వలకట్టి ఒక మూల ఇవ్వవచ్చు, లేదా వేళలు పంచవచ్చు. ఉదయం ఎనిమిది దాకా నడక, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఆట, ఆ తర్వాత మళ్లీ నడక. ఇలాంటి పంపకం ఆఫీసులో కూర్చొని రాస్తే నడవదు, ఇరువైపులవాళ్లను పిలిచి పార్కులోనే తేల్చాలి.

ఇందుకు చట్టంలో వేదిక ఉంది. 2019 చట్టం ప్రకారం ప్రతి వార్డుకు యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో పదిహేను మంది. అంటే వార్డుకు అరవై మంది. అయితే ఈ ఏర్పాటు కౌన్సిలరు చుట్టూ తిరుగుతుంది. 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2025 జనవరిలో ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చారు. జడ్చర్ల, అచ్చంపేట, నకిరేకల్ వంటి, 2021లో ఎన్నికలు జరిగిన కొద్ది పట్టణాలకే అప్పట్లో మినహాయింపు. మహబూబ్‌నగర్ ఆ 2025లోనే కార్పొరేషన్ అయింది. ఇలాంటి మలుపుల్లో జనానికి తెలిసిన ముఖం ఉండదు, నిన్నటిదాకా ఫోను ఎత్తిన మాజీ కౌన్సిలరుకు అధికారం ఉండదు. అప్పుడు ఆధారం వార్డు ఆఫీసరు, సంబంధిత అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ). వాళ్ల నంబర్లు పార్కు గేటు మీద ఉండాలని అడగడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

వినతి ఎలా రాస్తే కదులుతుంది

'మా కాలనీ పార్కు అధ్వానంగా ఉంది, తగు చర్యలు తీసుకోగలరు' అన్న కాగితం మీద ఆఫీసులో ఎవరూ ఏమీ చేయలేరు. దానికి అంచనా వేయలేరు, ఒక మనిషికి అప్పగించలేరు. అదే ఇలా రాయవచ్చు: 'ఫలానా కాలనీ పార్కు, ఉత్తరం గేటు నుంచి రెండో పరికరం ఎయిర్ వాకర్. ఎడమ చేయి బేరింగు అరిగి పక్కకు ఊగుతోంది, వెల్డింగు దగ్గర అంగుళం పగులు. వెంటనే తాడు కట్టి వాడకం ఆపించాలి, తర్వాత మరమ్మతు చేయించాలి. ఒప్పందంలో డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఇంకా ఉంటే కాంట్రాక్టరు చేతే చేయించాలి. ఫొటోలు రెండు జతపరిచాం.' చివరి వాక్యానికి ముందున్నది కీలకం. గడువులోపల మరమ్మతు మున్సిపాలిటీ ఖర్చు కాదు, కాంట్రాక్టరు బాధ్యత. గడువు అయిపోయిన నెల తర్వాత ఫిర్యాదు ఇస్తే కొత్త అంచనా, మంజూరు, టెండరు, పని, కొలతల పుస్తకంలో నమోదు, బిల్లు అన్నీ మొదటినుంచి నడవాలి.

కాగితం ఇచ్చి ఇన్‌వార్డు నంబరు తీసుకోకపోతే ఇచ్చినట్టు కాదు. వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఫొటో ఒక పూటలో శుభోదయాల కింద కూరుకుపోతుంది. అందులో చోటు, తేదీ ఉండవు, బాధ్యుడు ఉండడు. చిన్న పనులకు, అంటే లైటు, చెత్త, నల్లా కారడం వంటివాటికి వాట్సాపు చాలు. స్తంభం నంబరు రాస్తే లైటు మనిషి నేరుగా వస్తాడు. డబ్బు మంజూరు కావలసిన పనికి మాత్రం కాగితం, లేదా సోమవారం కలెక్టరేటులో ప్రజావాణి. అక్కడ ఇచ్చినా దరఖాస్తు తిరిగి మున్సిపాలిటీకే వస్తుంది, కానీ నంబరుతో, కలెక్టరు కార్యాలయానికి జవాబు చెప్పవలసిన బరువుతో వస్తుంది. కొత్త పని అడిగేవాళ్లు కాలం కూడా చూసుకోవాలి. ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది కాబట్టి డిసెంబరు, జనవరిలోనే అంచనాల దశలో వినతి చేరాలి. మే నెలలో ఇచ్చిన వినతికి 'వచ్చే ఏడు చూద్దాం' అన్న జవాబు ఆనవాయితీ.

జవాబే రాకపోతే సమాచార హక్కు ఉంది. మున్సిపాలిటీకి రుసుము పది రూపాయలు, జవాబు గడువు ముప్పై రోజులు, రాకపోతే మరో ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత తొంభై రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు రెండోది. ఎక్కువమంది తప్పు చేసేది ప్రశ్నలో. 'పార్కును ఎందుకు పట్టించుకోవడంలేదు' అన్నదానికి చట్టం కింద జవాబు రాదు, ఎందుకంటే అది రికార్డు కాదు. లేఅవుటు నక్షా, గిఫ్టు డీడు నకలు, పరికరాల కొనుగోలు ఒప్పందం, కొలతల పుస్తకం పేజీలు, గత మూడేళ్ల నిర్వహణ బిల్లులు అడగాలి. నకళ్లు ఎక్కువైతే ఆఫీసుకు వెళ్లి ఫైలు చూస్తామని రాయవచ్చు, మొదటి గంటకు రుసుము లేదు. కాలనీ సంఘాలు తరచూ నిర్వహణ బిల్లులతోనే ఆగిపోతాయి. నిజానికి మొదట చూడవలసింది ఒప్పందం, ఎందుకంటే ఎవరి మీద బాధ్యత ఉందో అందులోనే ఉంటుంది.

మున్సిపాలిటీ వైపు నుంచి

మున్సిపాలిటీ జనంతో అసలు మాట్లాడదని అనడం అన్యాయం. ఆస్తిపన్నుకు ఏప్రిల్‌లో అయిదు శాతం రాయితీ ఉందని ఇంటింటికీ తెలుస్తుంది. చెత్త ఆటో మైకులో తడి, పొడి చెత్త సంగతి రోజూ వినిపిస్తుంది. చెప్పదలచుకున్నది చెప్పే యంత్రాంగం దానికి బాగానే ఉంది. వినే యంత్రాంగం, విన్నదానికి బదులిచ్చే అలవాటు తక్కువ. 'ఈ నెల పదో తేదీన పార్కులో బోరు మరమ్మతు, మూడు రోజులు నీళ్లుండవు' అని అదే ఆటో మైకులో చెప్పించడానికి కొత్తగా పైసా అక్కర్లేదు.

కారణం చెబితే జనం ఇబ్బంది ఓర్చుకుంటారనడానికి పాలమూరులోనే గుర్తుండే ఉదాహరణ ఉంది. పిల్లలమర్రి చెట్టుకు చెదలు పట్టి కొమ్మలు కూలడంతో 2017 చివర్లో సందర్శకులను ఆపారు. 2018లో క్లోరోపైరిఫాస్ మందును పలచన చేసి, సెలైను సీసాల్లో పోసి కాండానికి ఎక్కించారు. ఆ సీసాలు వేలాడుతున్న ఫొటోలు దేశమంతా చూసింది. జిల్లాకు పేరు తెచ్చిన చెట్టు దగ్గరికే పోనివ్వకపోయినా ఎందుకన్నది చిన్నపిల్లలకు కూడా అర్థమైంది. పార్కు గేటుకు మాత్రం ఏ కాగితమూ లేకుండా తాళం పడుతుంది. లోపల టైల్సు పని జరుగుతోందో, బిల్లు రాక కాంట్రాక్టరు వెళ్లిపోయాడో బయటివాళ్లకు తెలియదు.

'కాదు' అన్న జవాబు కూడా జవాబే. స్విమ్మింగ్ పూల్ అడిగిన కాలనీకి నీళ్లు, ఫిల్టరు, లైఫ్‌గార్డు ఖర్చు లెక్క వేసి 'ఈ వార్డుకు కుదరదు' అని రాసి ఇస్తే ఆ కోరిక అక్కడితో ఆగి, కుదిరే కోరిక ముందుకొస్తుంది. 'పరిశీలిస్తాం' అంటే అదే వినతి ఏటా తిరిగి వస్తుంది.

గేటు బోర్డు మీద ఉండవలసింది కొంచెమే. స్థలం ఏ శాఖది, వార్డు ఆఫీసరు, ఏఈ హోదా, ఆఫీసు ఫోను నంబరు, తెరిచే మూసే వేళలు, పరికరాల గ్యారంటీ ముగిసే తేదీ, చివరిసారి తనిఖీ చేసిన తేదీ. మనుషుల పేర్లు వద్దు, బదిలీలకు బోర్డు పాతబడుతుంది. తనిఖీ తేదీ గడిని ఖాళీగా వదిలి మార్కరుతో రాయించాలి. ఆ గడిలో ఆరు నెలల కిందటి తేదీ ఉంటే పార్కుకు వచ్చే ప్రతివాళ్లకూ అది కనబడుతుంది, కమిషనర్ వచ్చినా కనబడుతుంది. పరికరాలకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయిస్తే ఫోనులో ఫిర్యాదు చెప్పడం సులువు: 'ఏడో నంబరు కిర్రుమంటోంది.'

మైదానాల అద్దె సంగతి ఒకటి మిగిలింది. దీపావళికి టపాసుల దుకాణాలు, వేసవిలో ఎగ్జిబిషన్లు, మధ్యలో సభలు. అద్దె వస్తుంది కాబట్టి ఇస్తారు, ఇవ్వవద్దనడం కూడా సబబు కాదు. బాధంతా ఖాళీ చేశాక మిగిలేదాంతో: రేకులకు కొట్టిన మేకులు, గుంజల గుంతలు, గాజుపెంకులు, కంకర. తెల్లారి ఉత్తికాళ్లతో కబడ్డీ ఆడే పిల్లల అరికాళ్లకు ముందు అవే తగులుతాయి. అద్దె ఒప్పందంలో విడిగా డిపాజిట్ ఉండాలి. ఇచ్చే ముందు, తీసుకున్న తర్వాత నాలుగు మూలల నుంచి ఫొటోలు తీయాలి. గుంతలు మట్టితో పూడ్చి, నీళ్లు చల్లి దిమ్మిస చేయాలి, ఒట్టి మట్టి పోస్తే మొదటి వానకే దిగిపోతుంది. నేల మీద అడుగు అడుగున అయస్కాంతం పట్టీ లాగించి మేకులు ఏరించాలి. డిపాజిట్ వాపసు కాగితం మీద ఏఈ సంతకంతో పాటు అక్కడ రోజూ ఆడే జట్టు తరఫున ఒకరి సంతకం ఉండాలన్న షరతు పెడితే ఆ పని పూర్తయ్యాకే డబ్బు కదులుతుంది.